మునిగినవాళ్ళ గొంతు

మా అన్న కాజిమిర్‌ని, అంటే కాజ్‌ని, బఫలో నగరం తూర్పు పేటలో గొంతుతోనే గుర్తుపట్టేవారు. పగలు బ్రాడ్‌వే మార్కెట్‌లో మా బాబాయి సాసేజ్ దుకాణంలో నిలబడి వరస నంబర్లు పిలిచేవాడు. ఈస్టర్ ముందు వారం మార్కెట్ ఎంత కిక్కిరిసినా సరే, కాజ్ నంబర్ పిలిచాడంటే అటు చివర గుడ్ల దుకాణం దగ్గరున్న ముసలమ్మ కూడా సంచీ పట్టుకుని వచ్చేసేది. శనివారాలు అదే గొంతుతో దయ్యాల పాటలు పాడేవాడు.

మా బ్యాండ్ పేరు గ్రేవ్‌యార్డ్ పోల్కా. మేం వాయించేది హారర్ పంక్. అదేం పెద్ద విద్య కాదు. గిటార్ మీద మూడు నాలుగు స్వరాల పట్లు, పరుగెత్తే డ్రమ్స్, శ్మశానాలూ రక్తపిశాచాలూ ఉన్న ఒక కథ, మొదటిసారి విన్నవాడు కూడా గొంతు కలపగలిగే పల్లవి. కాజ్ ముఖానికి తెల్లరంగు పూసుకుని, భుజాల మీంచి వేలాడేలా అమ్మ కుట్టిన నల్లటి కేప్ తగిలించుకుని, గిటార్ వాయిస్తూ, వెనకటి రేడియో గాయకుల్లా తియ్యగా పాడేవాడు. నేను వాడికన్నా రెండేళ్ళు చిన్న. నా పేరు బెర్నీ, బేస్ గిటార్ నాది. డ్రమ్స్ ఎఫ్రెన్ రొలాన్‌వి. అమ్మకి మా పాటలంటే అసహ్యం, కానీ కేప్ అంచు ఎక్కడా ఊడి ఉండకూడదు. "దయ్యమైనా సరే, నా ఇంట్లోంచి దారాలు వేలాడేసుకుని బయటికి పోడానికి వీల్లేదు," అనేది.

ఎఫ్రెన్ ఇంకో బ్యాండ్‌లోనూ వాయించేవాడు. అది డెత్ మెటల్. దాని పేరు బోన్ మీల్. ఆ పేరు పెట్టింది వాళ్ళ గాయకుడు వెండెల్ స్ట్రో. అతను పూలమొక్కలు పెంచే అద్దాల షెడ్డులో పనిచేసేవాడు. ఎముకల పొడి ఎరువు బస్తా మీద ఆ మాట చూసి ముచ్చటపడి పెట్టుకున్నాడు. మనిషి చీపురుపుల్ల. లావుపాటి కళ్ళద్దాలు. మాట్లాడితే పక్కనున్నవాడికి వినపడదు. మైకు పట్టుకుంటే మాత్రం నేల కింద ఏదో జంతువు బండరాళ్ళు పక్కకి దొర్లిస్తున్నట్టు ఉండేది. ఒక్క ముక్క అర్థమయ్యేది కాదు.

రెండు బ్యాండ్లూ ఒకే హాల్లో వాయించిన రోజుల్లో కాజ్ అతన్ని వదిలేవాడు కాదు.

"వెండెల్, మీ ఇంట్లో సింకు పూడిపోయిందా ఏంటి? ఇక్కడిదాకా వినిపిస్తోంది."

వెండెల్ నవ్వేవాడు.

"నిజం చెప్పు. ఇవాళ పాడినదాంట్లో మనుషుల భాషలో ఒక్క మాటైనా ఉందా?"

"ఉంది. ‘మరియు’ రెండుసార్లు వస్తుంది," అనేవాడు వెండెల్, తన వైర్లు చుట్టుకుంటూ.

తొంభై ఆరు అక్టోబర్‌లో కాజ్ మెడలో గడ్డ కనిపించింది. ఆపరేషన్ చేసి తీసేశారు. గడ్డలో చెడ్డదేమీ లేదన్నారు. మేం ఊపిరి పీల్చుకున్నాం. గొంతుకి వెళ్ళే నరం పక్కనే ఉంటుందనీ, చాలా అరుదుగా అది దెబ్బతింటుందనీ సర్జన్ ముందే చెప్పాడు. ఆ అరుదైనవాడు మావాడయ్యాడు. మత్తు దిగాక కాజ్ నోరు తెరిస్తే గాలి తప్ప ఏమీ రాలేదు. గొంతులో ఉండే రెండు తీగల్లో ఒకటి కదలడం లేదట. ఏడాది చూడాలన్నారు. తిరిగొస్తే రావచ్చు, లేకపోతే లేదు.

దుకాణంలో బాబాయి వాడికి ఒక ఇత్తడి గంట ఇచ్చాడు. గంట కొట్టి, నంబర్ రాసిన పలక ఎత్తి చూపించడం వాడి పని. వాడు గుసగుసగా మాట్లాడుతుంటే జనం జాలిపడి వాడితో గట్టిగా, ఒక్కో మాట విడగొట్టి మాట్లాడేవారు. "నేను చెవిటివాణ్ణి కాదండీ," అనేవాడు. అదీ వాళ్ళకి వినపడేది కాదు. ఇంట్లో మంచినీళ్ళు తాగినా పొలమారేది. ఫోన్ మోగితే మేడ మీదకి వెళ్ళిపోయేవాడు.

అందులో పెద్ద బాధేమిటంటే, ఆపరేషన్‌కి ముందే వాడు మా మొదటి పెద్ద ఆల్బమ్‌కి పాటలన్నీ కట్టి ఉంచాడు. పేరు ‘సరస్సు తిరిగిచ్చినవాళ్ళు’. నవంబర్ తుఫానులో మా ఊరి పక్కనున్న ఈరీ సరస్సులో ఒక సరుకు ఓడ మునిగిపోతుంది. సరస్సు గడ్డకట్టాక అందులోని మనుషులు మంచు మీద నడుచుకుంటూ, ఎవరిళ్ళకి వాళ్ళు తిరిగొచ్చి, బల్ల దగ్గర కూర్చుని సూప్ పెట్టమంటారు. పెట్టాలా, తలుపు వెయ్యాలా అని ఇంట్లోవాళ్ళు కొట్టుమిట్టాడుతుంటారు. పాటలన్నీ ఆ ఇంట్లోవాళ్ళు పాడేవే. అవన్నీ కాజ్ గొంతు కోసం కట్టినవి. ఇంకొకరి చేత పాడిద్దామని ఎఫ్రెన్ అంటే వాడు ఆ కాగితాలు తీసి బీరువాలో పెట్టేశాడు.

డిసెంబర్‌లో ఒక ఆదివారం మధ్యాహ్నం వెండెల్ మా ఇంటికొచ్చాడు. మోకాలి లోతు మంచు. కోటు లోపల వార్తాపత్రికలో చుట్టిన చిన్న పూలకుండీ దాచి తెచ్చాడు. గులాబీరంగు సైక్లమెన్. అమ్మ ఆ మొక్కని చూసి, తర్వాత ఆ సన్నటి మనిషిని చూసి, కూర్చోబెట్టి, పిండిలో క్యాబేజీ కూరి ఉడికించిన పెరోగీలు పెట్టింది. కాజ్ కిందికి దిగలేదు. వెండెల్ తింటూ కూర్చున్నాడు. అమ్మ ఇంకో వాయి పెట్టింది. అదీ తిన్నాడు.

"వాడు దిగడు బాబూ. నువ్వే పైకి వెళ్ళు," అంది అమ్మ. "ప్లేటు తీసుకెళ్ళు. మాట తోచకపోతే తింటూ ఉండొచ్చు."

నేను కూడా వెనకే వెళ్ళాను. కాజ్ మంచం మీద గోడవైపు తిరిగి ఉన్నాడు.

"ఎగతాళి చెయ్యడానికొచ్చావా?" అన్నాడు గాలి గొంతుతో.

"తిరిగి అనలేని మనిషిని ఎగతాళి చేస్తే ఏం మజా?" అన్నాడు వెండెల్. కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. "ఒక మాట చెప్పి పోతా. నువ్వు పాడేది ఏ తీగలతోనో నేను అరిచేది వాటితో కాదు. వాటికి పైన ఇంకో జత మడతలుంటాయి. ఏదైనా మింగేటప్పుడు మూసుకుంటాయి చూడు, అవి. నేను వాడేది వాటిని. నీకు పోయింది కిందది. పైవి బాగానే ఉన్నాయేమో."

కాజ్ ఇటు తిరిగాడు. "అయితే? నీలా సింకులాగా మోగమంటావా?"

"మోగమనట్లేదు. ఇష్టమైతే నేర్పిస్తా. లేదంటే ఇవి తినేసి వెళ్ళిపోతా."

కాజ్ మళ్ళీ గోడవైపు తిరిగాడు. వెండెల్ ప్లేటు ఖాళీ చేసి, కిందికి దిగి, అమ్మకి థాంక్స్ చెప్పి, మొక్కకి నీళ్ళు పైనుంచి పొయ్యకుండా కింద పళ్ళెంలో పొయ్యమని చెప్పి వెళ్ళిపోయాడు.

క్రిస్మస్ అయిపోయాక కాజ్ తనంతట తానే ఆ సంగతి జోన్ మెకెల్వీ దగ్గర ఎత్తాడు. ఆవిడ హాస్పిటల్లో వాడికి మాట సాధన చేయించే మనిషి. నెరిసిన జుట్టు, ఎప్పుడూ స్వెటర్ చేతులు పైకి లాగుకుంటూ ఉండేది.

"కింది తీగ పనిచెయ్యకపోతే కొందరికి పై మడతలతో మాట్లాడ్డం దానంతటదే అలవాటైపోతుంది," అందావిడ. "సాధారణంగా మేం వద్దనే అంటాం, గొంతు బిగుసుకుపోతుందని. నీ స్నేహితుడు ఇన్నేళ్ళుగా చేస్తూ బాగానే ఉన్నాడంటే నాకూ చూడాలనుంది. తీసుకురా."

తీసుకెళ్ళాం. ఆవిడ వెండెల్ ముక్కులోంచి సన్నటి కెమెరా గొట్టం దింపి, "ఊ, కానీ," అంది. వెండెల్ కానిచ్చాడు. పక్క గదిలోంచి ఇద్దరు నర్సులు తలుపు తోసుకుని పరిగెత్తుకొచ్చారు. జోన్ వాళ్ళని పట్టించుకోలేదు. గొంతు లోపలంతా కనిపిస్తున్న టీవీకి ముఖం ఆనించి, "అబ్బ, ఎంత వదులుగా ఉన్నాయో చూడు! మళ్ళీ చెయ్యి," అంది. చివరికి కాజ్‌తో చెప్పింది. "నొప్పి పుడితే ఆ క్షణమే ఆపెయ్యాలి. నెలనెలా నాకు చూపించాలి. ఒప్పుకుంటే నాకేం అభ్యంతరం లేదు."

మా ఇంటి నేలమాళిగలో, బట్టలుతికే మెషిన్ పక్కన సాధన మొదలైంది. కాజ్‌కి దగ్గొచ్చేది. కళ్ళలో నీళ్ళు తిరిగేవి. గట్టిగా అరవడానికి ప్రయత్నించేవాడు. "అరవకు. నిట్టూర్చు. సోమవారం పొద్దున అలారం మోగితే ఎలా మూలుగుతావ్? అలాగ," అనేవాడు వెండెల్. వారాలు గడిచాయి. వాడి నోట కుక్క గురక లాంటిది వచ్చి ఆగిపోయేది. విసిగిపోయి రెండుసార్లు వెండెల్‌ని బయటికి పొమ్మన్నాడు. వెండెల్ మెట్ల మీద కూర్చుని, కాసేపయ్యాక మళ్ళీ లోపలికి వచ్చేవాడు.

ఫిబ్రవరిలో ఒక సాయంత్రం అమ్మ వంటింట్లో ఉంది. నేను ఉల్లిపాయలు కోస్తున్నాను. కిందనుంచి ఇల్లంతా అదిరేలా ఒక శబ్దం వచ్చింది. అమ్మ గరిటె పట్టుకునే మెట్ల దగ్గరికి పరిగెత్తింది.

"ఎవరది?"

"నేనే," అంది ఆ గొంతు.

అమ్మ మెట్టు మీద కూలబడింది. మూడు నెలలకి పైగా ఆ ఇంట్లో ఒక గదిలోంచి ఇంకో గదిలోకి కాజ్ మాట వినపడింది లేదు.

"మళ్ళీ అను," అంది అమ్మ.

"నేనే, అమ్మా."

"ఆకలేస్తోందా?"

"వేస్తోంది," అంది కింద ఆ భూతం.

అమ్మ అక్కడే కూర్చుని ఏడ్చింది. తర్వాత లేచి, ఆరోజు వంట వెండెల్‌కి కూడా సరిపోయేలా పెంచింది.

ఆ గొంతు వచ్చాక కాజ్ బీరువా తెరిచాడు. పాటలు తిరగరాశాడు. ఇంతకుముందు ఇంట్లోవాళ్ళు మాత్రమే పాడేవారు, మునిగిపోయినవాళ్ళు మాట్లాడేవారు కాదు. ఇప్పుడు వాళ్ళకీ మాటలొచ్చాయి, కాజ్ కొత్త గొంతులో. పల్లవి పంక్ లాగే పరిగెడుతుంది, అందరూ కలిసి పాడొచ్చు. చరణం మధ్యలో తలుపు చప్పుడవుతుంది, డ్రమ్స్ రెండింతలు వేగమవుతాయి, గిటార్లు బరువెక్కుతాయి, అక్కణ్ణుంచి చచ్చినవాడి మాట. బోన్ మీల్ గిటారిస్టు అప్పటికే పని వెతుక్కుంటూ క్లీవ్‌లాండ్ వెళ్ళిపోయాడు. ఆ బ్యాండ్‌లో మిగిలింది వెండెల్, ఎఫ్రెన్. ఎఫ్రెన్ ఎలాగూ మావాడే, వెండెల్ కూడా మాతో కలిశాడు.

ఇక ఇంట్లోవాళ్ళ భాగం ఎవరు పాడాలన్నది తేలలేదు. నేను ప్రయత్నించాను. కాజ్ మర్యాదగా విని, "నువ్వు బేస్ బాగా వాయిస్తావ్," అన్నాడు.

ఎఫ్రెన్ మామయ్య రమోన్‌కి పశ్చిమ పేటలో సోఫాలు బాగుచేసే దుకాణం ఉంది. ఆదివారాలు మూసి ఉంటుంది. చుట్టూ స్పాంజి చుట్టలు, గుడ్డ తానులు. శబ్దం గోడలకి తగిలి తిరిగి రాదు. రికార్డింగ్‌కి అంతకన్నా మంచి చోటు మాకు దొరకదు. మార్చిలో అక్కడ సామాను సర్దుతున్న రోజు, నేను వెనక గదిలో కాఫీ కలుపుతుంటే ముందు గదిలో ఎవరో మా పాట పాడుతున్నారు. ఎత్తయిన గొంతు, ఎక్కడా గరుకు లేదు. నేను కప్పు పట్టుకుని వచ్చి చూస్తే వెండెల్ నేలమీద కూర్చుని చిక్కుపడ్డ వైర్లు విప్పుతున్నాడు.

"ఇప్పుడు పాడింది నువ్వేనా?"

"రేడియో," అన్నాడు.

"ఇక్కడ రేడియో లేదు వెండెల్."

అతని చెవులు ఎర్రబడ్డాయి. అప్పుడే కాజ్, ఎఫ్రెన్ డ్రమ్స్ మోసుకుని లోపలికొచ్చారు. నేను చెప్పేశాను. కాజ్ పాడమన్నాడు. వెండెల్ కుదరదన్నాడు. ఎందుకని అడిగితే వైర్లు విప్పుతూనే చెప్పాడు.

చిన్నప్పుడు అతను లూథరన్ చర్చి బృందంలో పాడేవాడట. ముందు నిలబెట్టి ఒంటరిగా పాడించేవారట. స్కూల్లో మగపిల్లలకి అది తెలిసింది. "దేవకన్యా, ఒక పాట పాడు," అంటూ బట్టలు మార్చుకునే గదిలో తలుపేసి నిలబెట్టేవారట. పాడితే నవ్వేవారు, పాడకపోతే కొట్టేవారు. "ఈ అరుపు దొరికాక ఇంకెవరూ నన్ను మళ్ళీ పాడమని అడగలేదు. హాయిగా ఉంది," అన్నాడు.

కాజ్ డ్రమ్ కింద పెట్టి వచ్చి అతని ఎదురుగా నేలమీద కూర్చున్నాడు.

"నేనూ వాళ్ళలాంటోణ్ణే కదరా ఇన్నేళ్ళూ," అన్నాడు ఆ కొత్త గొంతుతో.

"నువ్వు నయం. నీ జోకులు బాగుంటాయి," అన్నాడు వెండెల్.

"ఇక్కడ నవ్వేవాళ్ళెవరూ లేరు. ఎఫ్రెన్ నవ్వితే నేను కొడతా."

"నేనేం చేశాను మధ్యలో?" అన్నాడు ఎఫ్రెన్.

వెండెల్ మా అందరికీ వీపు పెట్టి, సోఫా చట్రాల వైపు తిరిగి పాడాడు. ఆ ఆల్బమ్‌లో అతని పాటలన్నీ అలా వీపు పెట్టి పాడినవే.

అంతా సాఫీగా సాగిందనుకుంటే పొరపాటు. రెండో ఆదివారం, ఓడ వంటవాడి భార్య పాట రికార్డు చేస్తున్నాం. అది కాజ్‌కి అన్నిటికన్నా ఇష్టమైన పాట. వెండెల్ మొదటి చరణం పాడుతుండగా కాజ్ గిటార్ తీసి గోడకానించి వెనక సందులోకి వెళ్ళిపోయాడు. నేను వెళ్ళేసరికి కరిగిన మంచులో బూట్లు తడుస్తున్నా చూసుకోకుండా నిలబడి ఉన్నాడు.

"బాగా పాడుతున్నాడు," అన్నాడు.

"అవును."

"అది నా పాట, బెర్నీ. ఇప్పటికీ నా నోట్లోనే ఉంది. పొద్దున లేస్తే పాడుకుంటున్నట్టే ఉంటుంది. నోరు తెరిస్తే రాదు. అక్కడ వాడి నోట్లోంచి వస్తోంది."

పక్కన నిలబడ్డాను. వాడు ఏడుస్తుంటే శబ్దం రాలేదు. ఏడవడానికి కూడా గొంతు కావాలని నాకు ఆ రోజే తెలిసింది.

కాసేపటికి వెండెల్ కోటు లేకుండా బయటికొచ్చాడు. చలికి భుజాలు ముడుచుకుని, కాజ్ ముఖం వైపు చూడకుండా అన్నాడు. "ఆవిడ తలుపు గడియ మీద చెయ్యి వేస్తుంది కదా, అక్కడ ఎంతసేపు ఆగాలో నాకు అంతు చిక్కట్లేదు. నువ్వు పాడేటప్పుడు ఎలా ఆగేవాడివి?"

కాజ్ ముక్కు తుడుచుకున్నాడు. "గడియ చల్లగా ఉంటుంది. ఆ చలి ఆమెకి తెలిసేదాకా ఆగాలి."

"అది నాకు నోటితో చెప్తే తెలీదు. వచ్చి చేత్తో చూపించు."

లోపలికి వెళ్ళారు. కాజ్ వెండెల్‌కి కనపడేలా సోఫా చట్రం మీద కూర్చుని, చెయ్యి ఎత్తి పట్టుకున్నాడు. చెయ్యి దించినప్పుడు వెండెల్ పాట ఎత్తుకున్నాడు. ఆ తర్వాత ప్రతి పాటకీ అలాగే చేశారు.

వేసవి మొదట్లో ఆల్బమ్ బయటికొచ్చింది. దానికోసం మాజీ సైనికుల సంఘం హాల్లో ఆదివారం మధ్యాహ్నం ప్రదర్శన పెట్టాం. మా పాత పంక్ జనం ఎడమవైపు, జుట్టు పెంచిన మెటల్ జనం కుడివైపు, మధ్యలో పెళ్ళిలో అలిగిన రెండు కుటుంబాల మధ్య ఉన్నంత ఖాళీ. అమ్మ మొదటి వరసలో మడత కుర్చీ వేయించుకుని, చెవుల్లో దూది పెట్టుకుని, చేతిసంచీ ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. వెండెల్ జనానికి వీపు పెట్టి మొదలుపెట్టాడు. మొదటి పల్లవి కాగానే ఎడమవైపు నుంచి ఒకడు అరిచాడు. "ఈ సన్నోడెవడు? కాజ్‌ని పాడనివ్వండి!"

వెండెల్ ఆగిపోయాడు. కాజ్ మైకు దగ్గరికొచ్చాడు.

"కాజ్ పాడుతున్నాడు," అన్నాడు, పాతాళంలోంచి. "నోరు మూసుకుని విను."

వాడికేమైందో చాలామందికి తెలుసు, కానీ ఆ కొత్త గొంతు వాళ్ళెవరూ వినలేదు. మార్కెట్లో గుడ్లమ్మే వాళ్ళబ్బాయి ముందు చప్పట్లు కొట్టాడు. తర్వాత కుడివైపు జనం పిడికిళ్ళెత్తారు. "తిరుగు వెండెల్!" అని అరిచింది మెటల్ వైపునుంచి ఒకమ్మాయి. వెండెల్ పూర్తిగా తిరగలేదు, కానీ సగం తిరిగాడు. జనానికి అతని చెంపా, ఒక కళ్ళద్దమూ కనిపించాయి. వంటవాడి భార్య పాట వచ్చేసరికి మధ్యలో ఖాళీ పూడిపోయింది. పల్లవి అందరూ పాడారు. చచ్చినవాడు బల్ల దగ్గర కూర్చుని సూప్ పెట్టమని అడిగే చోట అమ్మ ఒక చెవిలో దూది తీసింది. పాటయ్యేదాకా మళ్ళీ పెట్టుకోలేదు.

అక్టోబర్‌లో ఏడాది పరీక్షకి కాజ్‌తో నేనే వెళ్ళాను. తీగ కదలడం లేదు, ఇక కదలదన్నారు. కాజ్ తలూపాడు. ఇంటికి రాగానే గారేజీలోకి పోయి కొత్త పాట ఒకటి మొదలుపెట్టాడు. అది బాగా రాలేదు. చించేశాడు. మర్నాడు ఇంకోటి మొదలుపెట్టాడు.

నవంబర్‌లో జోన్ మెకెల్వీ ఫోన్ చేసి, తన దగ్గరికొచ్చే ఒకావిడని పంపిస్తానంది. పేరు అడెల్ ఫర్మన్, ఐదో తరగతి టీచర్, కాజ్‌కి జరిగిందే ఆవిడకీ జరిగింది. పిల్లలు మాట వినడం లేదట, వినపడితే కదా. ఆవిడ ముత్యాల దండ వేసుకుని, తన ముసలి టెర్రియర్ కుక్కపిల్లంత కుక్కని చంకలో పెట్టుకుని మా వంటింట్లో కూర్చుంది. కాజ్ ఎదురుగా కూర్చున్నాడు. వెండెల్ పెరోగీలు తింటున్నాడు.

"నొప్పి పుడుతుందాండీ?" అంది ఆవిడ గాలి గొంతుతో.

"పుడితే ఆపెయ్యాలి. అరవకూడదు. సోమవారం పొద్దున అలారం మోగిందనుకోండి," అన్నాడు కాజ్.

ఆవిడ కళ్ళు మూసుకుని మూలిగింది. ఏమీ రాలేదు. మళ్ళీ మూలిగింది. దగ్గింది. అమ్మ నీళ్ళిచ్చింది. కాజ్ ఆవిడని భుజాలు వదులు చెయ్యమన్నాడు. ఆవిడ ఇంకోసారి నోరు తెరిచింది. కుక్క ఆమె ఒళ్ళోంచి దూకి పొయ్యి వెనక్కి పరిగెత్తింది. మిసెస్ ఫర్మన్ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని మా అందరినీ చూసింది. తర్వాత చెయ్యి తీసేసి, వంగి, పొయ్యి సందులోకి ఆ కొత్త గొంతుతోనే దాని పేరు పెట్టి పిలిచింది.